ఇర్యా ఇంటి బాయిలరు

హెల్వి తోల్వానెన్ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో ఊళ్ళో తలా ఒక కారణం చెప్పేవారు. ఓడల కర్మాగారంలో పద్నాలుగేళ్ళు ఇనుము అతికి వచ్చిన ఆడదాన్ని ఎవరు చేసుకుంటారని పాలకేంద్రం దగ్గర మగవాళ్ళు నవ్వుకునేవారు. ఎదురుగా అడిగినవాళ్ళకి మాత్రం హెల్వి, "అడిగినవాళ్ళు లేక కాదు, అడిగినవాళ్ళలో ఒక్కడికీ కాఫీ కాయడం రాదు" అని చెప్పి తన పని తాను చూసుకునేది.

ఇరవై రెండేళ్ళప్పుడు ఊరొదిలి తుర్కు ఓడరేవు పట్నానికి వెళ్ళింది. అక్కడ కర్మాగారంలో మొదట నేల ఊడ్చింది, తర్వాత వెల్డింగు నేర్చుకుంది. ఓడ అడుగున మనిషి పట్టీపట్టని సందులుంటాయి. వాటిలోకి లావుపాటి మగవాళ్ళు దూరలేరు కాబట్టి ఆమెను పంపేవారు. వెల్లకిలా పడుకుని, పక్కకి ఒరిగి, మెడ విరుచుకుని, ఎలా వీలైతే అలా అతుకులు వేసింది. తండ్రి పోయాక, 1972లో, సొంతూరు కూసివారాకి తిరిగొచ్చింది. కొండవాలు మీద రెండంతస్తుల దుంగల ఇల్లు, వెనక కొంచెం అడవి, నేలమాళిగలో తండ్రి ముచ్చటపడి పెట్టించుకున్న చమురు బాయిలరు. అంతే ఆమెకి మిగిలింది.

మరుసటేడు చలికాలం చమురుకి కరువొచ్చింది. ట్యాంకరు ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. హెల్వి వంటగదిలో రొట్టెల పొయ్యి పక్కకి మంచం లాక్కుని, మిగతా గదుల తలుపులు మూసేసింది. అలా ముడుచుకుని పడుకున్న రోజుల్లోనే ఆమెకి తండ్రి లారీ గుర్తొచ్చింది. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క, ఆయన లారీ వెనక నిలువెత్తు ఇనప పీపా బిగించి, అందులో చెక్కముక్కలు మాడ్చి, ఆ పొగతో ఇంజను నడిపేవాడు. ఏడేళ్ళ హెల్విని పక్కన కూర్చోబెట్టుకుని, "కట్టె మండటం కాదే తల్లీ, కట్టెలోంచి వచ్చే పొగ మండాలి. పొగ గాల్లోకి పోయిందంటే సగం కట్టె పారబోసుకున్నట్టే" అనేవాడు.

లారీని లాగిన పొగ ఇల్లు వెచ్చబెట్టలేదా అనుకుంది హెల్వి.

మూతబడ్డ రంపపు మిల్లు నుంచి మందపాటి ఇనప రేకులు తెచ్చుకుంది. పాలకేంద్రం వాళ్ళు పారేసిన పాలతొట్టి ఒకటి, పదిహేనువందల లీటర్లది, ట్రాక్టరుతో ఈడ్పించుకొచ్చింది. ఊహ సులువుగానే ఉంది. పై అరలో కట్టెలు పేర్చాలి. వాటికి గాలి చాలీచాలకుండా ఇస్తే మండకుండా మగ్గుతాయి. ఆ పొగను చిన్న ఫ్యాను కిందికి లాగాలి. మధ్యలో అగ్గికి తట్టుకునే ఇటుకలతో కట్టిన ఇరుకు గొంతు. ఆ గొంతు దాటి కింది అరలోకి వచ్చేసరికి పొగకి పొగే నీలి మంటై మండాలి. ఆ వేడితో తొట్టిలో నీళ్ళు కాగితే, రోజుకి ఒక్కసారి రాజేస్తే చాలు, మర్నాటిదాకా ఇంటికి దిగులుండదు.

ఊహ సులువే గానీ ఇనుము మాట వినలేదు. మొదటిసారి రాజేసినప్పుడు తలుపు సందుల్లోంచి నల్లటి తారు ధారలు కట్టింది. రెండోసారి, లోపల ఏమవుతోందో చూద్దామని పై తలుపు తీసిన క్షణంలో గుప్పున మంట బయటికొచ్చి కనుబొమలు రెండూ కాల్చుకుపోయింది. ఆదివారం చర్చికి అలాగే వెళ్ళడానికి సిద్ధపడుతుంటే స్నేహితురాలు ఇర్యా వచ్చి, పొట్ట పట్టుకుని నవ్వి, పొయ్యిలోంచి బొగ్గు తీసి ఆమె ముఖాన కనుబొమలు గీసింది.

"ఇటు తిరగవే. ఒకటి పైకి పోయింది. ఇప్పుడు నువ్వు ప్రపంచంలో దేన్నీ నమ్మనిదానిలా ఉన్నావు."

"దిద్దు మరి."

"వద్దులే, నిన్ను చూసి పాస్టరుగారు ప్రసంగం తొందరగా ముగిస్తారు."

ఇర్యాతో ఆమె స్నేహం బడిలో ఒకే బెంచీ మీద మొదలైంది. తుర్కులో ఉన్న పద్నాలుగేళ్ళూ నెలకో ఉత్తరం రాసింది ఇర్యా ఒక్కతే. తిరిగొచ్చాక ప్రతి శనివారం ఇద్దరూ కలిసి హెల్వి ఇంటి సౌనాలో, ఆవిరిస్నానం గదిలో, కూర్చునేవారు. వేడి రాళ్ళ మీద నీళ్ళు చల్లుకుంటూ, బిర్చి చెట్టు ఆకుకొమ్మలతో ఒకరి వీపు ఒకరు కొట్టుకుంటూ, ఊళ్ళో అందరి సంగతులూ ఏకరువు పెట్టుకునేవారు. తోబుట్టువులు లేని హెల్వికి ఈ లోకంలో తన మనిషి అంటూ ఉంటే అది ఇర్యాయే.

మూడో చలికాలానికి బాయిలరు దారికొచ్చింది. దారికొచ్చిందన్న సంగతి ఊరికి చెప్పింది ఆప్రామి తాత. ఎనభై ఏళ్ళ ఆ ముసలాయన కొండ కింద ఉంటాడు. బయట సున్నాకి ముప్ఫై డిగ్రీలు కిందికి దిగిన రోజున హెల్వి ఇంటి పొగగొట్టంలోంచి పొగ రావడం లేదని గమనించి, చలికి బిగుసుకు చచ్చిపోయిందేమోనని మంచు మీద జారే చెక్కలు కాళ్ళకి కట్టుకుని కొండెక్కి వచ్చాడు. తలుపు తీసిన హెల్వి చేతుల్లేని జాకెట్టు వేసుకుని ఉంది, నుదుటి మీద చెమట.

"బతికే ఉన్నావా పిల్లా? పొగేదీ మరి?"

"అదే మండుతోంది తాతా. రా, చూపిస్తా."

ముసలాయన నేలమాళిగలోకి దిగి, కింది అర గాజుకన్నంలోంచి నీలిమంట హోరుమని కొట్టుకోవడం చాలాసేపు చూశాడు. మీ నాన్న ఉంటే బాగుండేదని ఒక్కమాట అన్నాడు. నెల తిరక్కుండా తనకీ ఒకటి కావాలన్నాడు. తర్వాత ఇంకో మూడు ఇళ్ళవాళ్ళు అడిగారు. హెల్వి కాదనలేదు. వాళ్ళు ఇచ్చింది తీసుకుంది, ఎక్కువగా దుప్పి మాంసం, కట్టె కొట్టే సాయం.

ఇర్యా మాత్రం నోరు తెరిచి అడగలేదు. ఆమె మొగుడు తౌనో అడవిపనుల మేస్త్రీ, మున్సిపల్ సభ్యుడు, తన ఇంట్లో పరాయివాళ్ళు మేకు కొట్టినా ఒప్పుకోనివాడు. కానీ ఇర్యాకి మోకాళ్ళ నొప్పులు. వాళ్ళింటి నేల చలికాలమంతా రాయిలా ఉండేది. సౌనాలో ఆ ఉబ్బిన మోకాళ్ళు చూసి చూసి, 1976 వేసవిలో హెల్వి తానే వెళ్ళి తౌనోతో మాట్లాడింది. అతను గడ్డం గోక్కుని, "పెట్టుకోవే, నాకేం. పని చెయ్యకపోతే తీసుకుపోవాలి" అన్నాడు. ఆ వేసవంతా ఆమె వాళ్ళ నేలమాళిగలోనే ఉంది. తన బాయిలరుకంటే దీనికి అతుకులు నున్నగా వచ్చాయి.

పని అయ్యాక మొగుడూ పెళ్ళాలిద్దర్నీ నిలబెట్టి అన్నీ చెప్పింది. రెండు వేసవులు ఎండిన కట్టే వెయ్యాలి. ఫ్యాను తిరుగుతుంటే పై తలుపు తియ్యకూడదు. చివరికి బాయిలరు నెత్తిన మొదలై అటకదాకా నిటారుగా పోయే గొట్టాన్ని చేత్తో తట్టి చూపించింది.

"నీళ్ళు కాగితే ఉబ్బుతాయి. ఉబ్బిన నీళ్ళు దీంట్లోంచి పైకెక్కి అటక మీద డబ్బాలోకి పోతాయి. ఇది దాని ముక్కు అనుకోండి. దీనికి ఏదీ అడ్డం పెట్టకూడదు. కుళాయి గానీ, బిరడా గానీ, ఏదీ."

"ముక్కు మూస్తే ఏమవుతుందిట?" అన్నాడు తౌనో వెటకారంగా.

"నీ ముక్కూ నోరూ మూస్తే ఏమవుతుందో అదే."

ఇర్యా నవ్వింది. తౌనో నవ్వలేదు.

రెండు చలికాలాలు ఏ గొడవా లేకుండా గడిచాయి. ఇర్యా మోకాళ్ళ వాపు తగ్గింది. మూడో ఏడు అటక మీది డబ్బా అతుకు దగ్గర చెమ్మ మొదలైంది. నీళ్ళు ఉబ్బినప్పుడల్లా చుక్కా చుక్కా కారి, కొత్తగా రంగేసిన ముందుగది పైకప్పు మీద పసుపు మరక పడింది. శనివారం సౌనాలో ఇర్యా ఆ సంగతి చెప్పింది. పది రోజుల్లో తౌనో యాభయ్యో పుట్టినరోజు, ఊరి పెద్దలంతా వస్తారు.

"ఆయన ఆ మరక చూసినప్పుడల్లా నన్ను తిడుతున్నాడే, నేనేదో పైకెక్కి పోసినట్టు."

"బాయిలరు చల్లార్చకుండా డబ్బా మార్చలేను. ఈ చలిలో చల్లారిస్తే మీ గొట్టాలన్నీ గడ్డకడతాయి. పండగ అయిపోనీ, చలి తగ్గిన రోజు చూసి పెద్ద డబ్బా పెడతా. అందాకా కింద బకెట్టు పెట్టండి."

"బకెట్టు పెట్టమంటే ఊరుకుంటాడా?"

"ఊరుకోక ఏం చేస్తాడు?"

ఆ మాట హెల్వి తేలిగ్గా అంది. తర్వాతి సంవత్సరాల్లో దాన్ని చాలాసార్లు తలుచుకుంది.

1979 జనవరిలో తౌనోకి యాభై నిండాయి. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకే ముందుగది నిండిపోయింది. మున్సిపల్ అధ్యక్షుడు, పాస్టరు, వేట బృందం వాళ్ళు, తౌనో అన్న అర్మాస్, ఆయన భార్య. ఇర్యా, హెల్వి పొద్దున్నుంచీ కలిసి కప్పులు తుడిచారు, యాలకుల రొట్టెలు కోశారు, కేకు మీద మీగడ పూశారు. బయట సున్నాకి ముప్ఫై రెండు డిగ్రీలు కింద. తౌనో తెల్లవారగానే బాయిలరు నిండా కట్టె దట్టించి రాజేశాడు, ఇల్లు హాయిగా ఉంది. హెల్వి పైకప్పు కేసి చూసింది. మరక మీద మళ్ళీ రంగు వేశారు. చుక్క కూడా కారడం లేదు. బకెట్టు ఎక్కడ పెట్టారో, బాగానే పెట్టారనుకుంది.

అధ్యక్షుడు ప్రసంగం మొదలుపెట్టిన కాసేపటికి గోడలోంచి చప్పుడు వినిపించింది. టక్, టక్ అని, ఎవరో లోపలినుంచి సుత్తితో కొడుతున్నట్టు. ఎవరూ పట్టించుకోలేదు. హెల్వి కప్పు కింద పెట్టింది. గొట్టాల్లో నీళ్ళు అలా కొట్టుకోకూడదు. లేచి నేలమాళిగ తలుపు వైపు నడుస్తుంటే తౌనో ఎదురొచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"నువ్వు కూర్చో హెల్వీ. నేను చూసొస్తా."

"తప్పుకో తౌనో, అది మరుగుతోంది."

"నా ఇల్లు. నేను చూసుకుంటా."

ఆమెను పక్కకి నెట్టి మెట్లు దిగాడు. నాలుగో మెట్టు మీద ఉండగా బాయిలరు పక్కరేకు చీలింది. ఇల్లు ఇల్లంతా ఒక్కసారి ఎగిరి కూర్చున్నట్టయింది. బల్ల మీది కప్పులు దొర్లాయి. నేలమాళిగ తలుపులోంచి తెల్లటి ఆవిరి గోడలా లేచింది. జనమంతా వాకిట్లోకి, మంచులోకి పరిగెత్తారు, కోట్లు కూడా వేసుకోకుండా. హెల్వి బల్లమీది గుడ్డ లాగి ముఖానికి చుట్టుకుని ఆ ఆవిరిలోకి దిగింది. మెట్ల మీద తౌనో బోర్లా పడున్నాడు. చేతులకి తగిలిన చోటల్లా కాగిన నీళ్ళే. రెండు చంకల కింద చేతులు వేసి, ఓడ అడుగున బరువులు లాగిన ఆ పాత పట్టుతోనే, ఒక్కో మెట్టూ పైకి లాక్కొచ్చింది. అతని కాళ్ళు, వీపు ఉడికిపోయాయి. ఎడమ చెవి మళ్ళీ ఎప్పుడూ వినపడలేదు. హెల్వి అరచేతుల తోలు ఊడిపోయింది.

అంబులెన్సులో తౌనో వెంట ఇర్యా వెళ్ళింది. ఎక్కేముందు హెల్వి వైపు చూసి, తల తిప్పుకుంది. భయంలో ఉందిలే అనుకుంది హెల్వి.

మొదటి నాలుగు రోజులూ ఆమె తప్పంతా తనదేననుకుంది. కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, అతుకు అతుకూ మనసులో తడుముకుంది. ఎక్కడ లోపం జరిగింది, ఏ మూల వేడి సరిగ్గా పట్టలేదు. ఐదో రోజు ఉండబట్టలేక ఆ ఇంటికి వెళ్ళింది. అర్మాస్ తలుపు తీశాడు. ఆమె నేలమాళిగ చూసి, తర్వాత నిచ్చెనెక్కి అటకలోకి వెళ్ళింది. డబ్బా కింద గొట్టం జానెడు మేర లేదు. పై మొన, కింది మొన రెండూ కొత్తగా మెరుస్తున్నాయి, అంచుల్లో రంపపు గీతలు. హెల్వి ఏనాడూ గొట్టాన్ని రంపంతో కొయ్యలేదు. ఆమె కోసేది మంటతో. పై మొన కిందుగా తాను చెయ్యని మరచుట్ల గాడి ఒకటి ఉంది, దానికి జనపనార, రంగుముద్ద అంటుకుని ఉన్నాయి. కుళాయి బిగించేవాళ్ళు చుట్టే నార అది.

ఆమె కిందికి దిగి అడిగింది. "ఇక్కడ కుళాయి ఉండేది. ఏది?"

"కుళాయేంటి?" అన్నాడు అర్మాస్. "డబ్బా గడ్డకట్టి పగుల్తుందని దించుదామనుకున్నా. గొట్టం కోసింది నేనే. నీ కళ్ళకి కుళాయిలు కనపడితే నేనేం చెయ్యను?"

హెల్వి గుండె అప్పుడు కుదుటపడింది. వినడానికి వింతగా ఉన్నా నిజం అదే. అతుకు తప్పు కాదు. ముక్కు మూశారు. వీళ్ళు దాచినా ఫరవాలేదు, ఇర్యా ఉంది కదా. ఆ గొట్టం గురించి తాను చెప్పినప్పుడు పక్కనే నిలబడి నవ్విన మనిషి. బకెట్టు సంగతి తెలిసిన మనిషి. ఇర్యా నోటితో ఒక్కమాట చాలు.

విచారణ మున్సిపల్ ఆఫీసులో జరిగింది. అగ్నిమాపక తనిఖీ అధికారి బల్ల వెనక కూర్చున్నాడు, పక్కన పోలీసు రాసుకుంటున్నాడు. అర్మాస్, అధ్యక్షుడు, ఊళ్ళోవాళ్ళు ఏడెనిమిది మంది గోడవారగా ఉన్నారు. ఇర్యా కిటికీ పక్కన కుర్చీలో, చర్చికి వేసుకునే నల్లకోటులో. తౌనో ఇంకా ఆసుపత్రిలోనే.

హెల్వి చెప్పాల్సింది చెప్పింది. అధికారి అన్నీ విని, "కుళాయి ఉందనడానికి సాక్ష్యం కావాలి హెల్విగారూ. రంపపు గీతలకి అర్మాస్‌గారు కారణం చెబుతున్నారు" అన్నాడు.

"ఇర్యాని అడగండి," అంది హెల్వి. "ఆ గొట్టానికి ఏదీ పెట్టొద్దని నేను చెప్పినప్పుడు అక్కడే ఉంది. డబ్బా కారుతోందని నాకు చెప్పిందీ తనే. ఆమె ఏం చెబితే అది రాసుకోండి, నాకు సమ్మతమే."

అందరూ ఇర్యా వైపు తిరిగారు. ఆమె తొడుగు తీసిన తన చేతుల కేసి చూసుకుంటోంది.

"చెప్పండమ్మా," అన్నాడు అధికారి. "ఆ గొట్టానికి ఎవరైనా కుళాయి పెట్టారా?"

"గొట్టాల సంగతి నాకేం తెలుసు," అంది ఇర్యా.

"హెల్విగారు మీకు జాగ్రత్తలు చెప్పారా?"

"ఏవో చెప్పింది. రెండున్నరేళ్ళయింది. గుర్తులేదు. మేమేం ముట్టుకోలేదు. హెల్వి పెట్టింది పెట్టినట్టే ఉంది."

పోలీసు కలం కాగితం మీద గరగరలాడింది. హెల్వికి ఆ చప్పుడొక్కటే వినిపించింది. ఇర్యా తలెత్తుతుందేమోనని చూసింది. ఒకసారి ఎత్తితే చాలు, ఆ ముఖంలో ఏముందో చదువుకుంటుంది. ఇర్యా ఎత్తలేదు.

"ఇర్యా," అంది హెల్వి, "పండగకి పది రోజుల ముందే కదే, సౌనాలో చెప్పావు."

"సౌనాలో ఏవేవో మాట్లాడుకుంటాం. అన్నీ గుర్తుంటాయా?"

హెల్వి లేచింది. కట్లు కట్టిన చేతులతో కోటు బొత్తాలు పెట్టుకోలేక, అలాగే తెరిచి ఉంచుకుని బయటికొచ్చేసింది.

నివేదికలో ఇలా రాశారు: బాయిలరు ఇంట్లో తయారైనది, చేసిన వ్యక్తికి ఒత్తిడి పాత్రలు, అంటే లోపలి ఒత్తిడికి తట్టుకోవాల్సిన తొట్లు, అతికే ధ్రువపత్రం లేదు, ఒత్తిడి పెరిగితే తెరుచుకునే రక్షణ వాల్వు అమర్చలేదు. మొదటి రెండూ ఊరందరికీ తెలిసినవే. మూడోది చదివి హెల్వి కాగితం కింద పెట్టింది. అది నిజం. గొట్టం తెరిచి ఉంటుంది కదా, వాల్వు ఎందుకులే అనుకుంది. మనుషులు గొట్టాలు మూస్తారని అనుకోలేదు. ఆ తప్పు తనదేనని ఆమె ఆ రోజే ఒప్పుకుంది, తర్వాతా ఎవరడిగినా దాచలేదు.

అధికారి వచ్చి ఆమె బాయిలరు తలుపుకి తీగె చుట్టి సీసపు ముద్ర వేశాడు. ఊళ్ళో ఆమె చేసిన మిగతా నాలుగింటిలో మూడింటిని యజమానులే పీకించేశారు. ఆప్రామి తాత మాత్రం ముద్ర వెయ్యనివ్వలేదు. "నాకు ఎనభై నాలుగేళ్ళు. జైల్లో వెచ్చగా ఉంటుందంటే చెప్పు, పెట్టె సర్దుకుంటా" అన్నాడు. అధికారి వాల్వు ఒకటి పెట్టించుకోమని చెప్పి వెళ్ళిపోయాడు.

దుకాణంలో హెల్వి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. వెనక్కి తిరగ్గానే, "ఆడది ఇనుము పట్టుకుంటే ఇంతే మరి" అని మెల్లగా వినిపించేది. అది ఆమెకి కొత్త కాదు, కర్మాగారంలో ఇంతకంటే పచ్చిగా విన్నది. తనని అంతగా కుదిపింది వేరే. శనివారం వచ్చేది. సౌనా రాజెయ్యాలని చేతులు అలవాటుగా లేచేవి. ఆ చలికాలమంతా ఆమె సౌనా పొయ్యి ముట్టించలేదు. వంటగదిలో గంగాళంలో నీళ్ళు కాచుకుని పోసుకుంది.

తాను ఏ మనిషి కోసం ఆ వేసవంతా నేలమాళిగలో గడిపిందో, ఆ మనిషి తనని పదిమందిలో ఒంటరిగా వదిలేసింది. ఇర్యాకి కోపం వచ్చుంటే అర్థం చేసుకునేది. తిట్టినా పడేది. ఏమీ గుర్తులేదనడమే మింగుడు పడలేదు. అక్కడ పోయింది గొట్టం గురించి చెప్పిన మాట ఒక్కటే కాదు, ముప్ఫై ఐదేళ్ళ స్నేహం మొత్తం గుర్తులేనట్టయింది.

చేతులు మానాక, నలభై మూడేళ్ళ వయసులో, పట్నంలో వృత్తివిద్యా బడిలో చేరింది. ఒత్తిడి పాత్రలు అతికే పరీక్షకి కట్టాల్సింది కట్టి, పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుంది. అరచేతి తోలు బిగుసుకుపోవడంతో పిడికిలి పూర్తిగా మూసుకునేది కాదు. మొదటిసారి పరీక్ష తప్పింది. రెండోసారి ఆమె వేసిన అతుకు కోసి చూసిన పరీక్షకుడు, ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. "ఓడల కింద పడుకుని" అంది. 1982లో ఆకులు రాలే కాలానికి ఆమె కొత్త బాయిలరు చేసింది, రెండు రక్షణ వాల్వులతో. తనిఖీ అధికారి మారాడు. కొత్తాయన కొలత పరికరాలతో వచ్చి, పొగగొట్టంలో గాలి కొలిచి, ఇంత శుభ్రంగా మండే కట్టెపొయ్యి తాను చూడలేదని రాసి సంతకం పెట్టాడు. మళ్ళీ జనం రావడం మొదలుపెట్టారు, మొదట పక్క ఊళ్ళవాళ్ళు, తర్వాత సొంత ఊరివాళ్ళు.

మరుసటేడు మార్చిలో ఒక మధ్యాహ్నం ఇర్యా వచ్చింది. నాలుగేళ్ళలో మొదటిసారి ఆ గడప తొక్కింది. మోకాళ్ళు మళ్ళీ వాచాయి, మెట్లెక్కేటప్పుడు కమ్మీ పట్టుకుంది. హెల్వి కూర్చోమంది, కాఫీ పెట్టింది. గడపలోకి వచ్చిన వాళ్ళకి కాఫీ ఇవ్వకపోవడం ఆమెకి చేతకాదు.

"ఇల్లు వెచ్చగా ఉంది," అంది ఇర్యా.

"ఉంది."

"మేం కరెంటు పెట్టించుకున్నాం. గోడలు వెచ్చబడతాయి, నేల మాత్రం అలాగే." కప్పు తిప్పుతూ కూర్చుంది. "తౌనో అంటున్నాడు, ఇప్పుడు నీ బాయిలరుకి ప్రభుత్వం సంతకం ఉంది కదా అని. నువ్వు ఒప్పుకుంటే, మా ఇంట్లో ఇంకోటి..."

హెల్వి ఆమెనే చూస్తోంది. "కుళాయి పెట్టింది ఎవరు ఇర్యా?"

ఇర్యా కప్పు తిప్పడం ఆపి అంది. "ఆయనే. నిచ్చెన పట్టుకుంది నేను. పండగ అయ్యాక తీసేస్తానన్నాడు. ఒక్కపూటకి ఏమవుతుందన్నాడు. నువ్వు చెప్పిన మాట నేను గుర్తుచేశాను. చేశాను, నమ్ము. నోర్ముయ్యమన్నాడు."

"మరి ఆఫీసులో?"

"ఆసుపత్రిలో పడుకుని ఏడ్చాడే. తాను కుళాయి పెట్టాడని తెలిస్తే సభ్యత్వం పోతుంది, బీమావాళ్ళు ఇల్లు కట్టివ్వరు, ఊళ్ళో తలెత్తుకోలేనని. కాళ్ళు అలా ఉన్న మనిషి. నేనేం చెయ్యను? ఆ ఇంట్లోనే బతకాలి కదా నేను. నువ్వు ఒంటిదానివి. గట్టిదానివి. నువ్వు తట్టుకుంటావనుకున్నా."

హెల్వికి ఇన్నేళ్ళూ తెలియనిది అదొక్కటే. భయపడిందేమో, బెదిరించారేమో, నిజంగా మతిపోయిందేమో అని ఎన్నో సర్దిచెప్పుకుంది. తనని చూసి, లెక్కగట్టి, ఇది తట్టుకుంటుందిలే అని పక్కన పెట్టిందని ఊహించలేదు.

"బాయిలరు చేస్తా," అంది చివరికి. "నీ మోకాళ్ళ కోసం చేస్తా. కానీ ముందు తౌనో మున్సిపల్ ఆఫీసుకి వచ్చి, ఆ రోజు ఎవరెవరున్నారో వాళ్ళందరి ముందూ చెప్పాలి. అతను చెప్పకపోతే నువ్వు చెప్పు. మీ ఇద్దరిలో ఎవరైనా సరే."

"ఆయన చెప్పడు."

"నువ్వు?"

ఇర్యా కప్పు బల్ల మీద పెట్టింది. సగం కాఫీ అలాగే ఉంది. "నువ్వు మారిపోయావే," అంది. తర్వాత తలుపు దగ్గర కోటు వేసుకుంటూ, గొంతు తగ్గించి, "శనివారం సౌనాకి రానా, పాతలాగా?" అని అడిగింది.

"వద్దు," అంది హెల్వి.

కిటికీలోంచి చూస్తే ఇర్యా కొండ దిగుతూ రెండుచోట్ల ఆగింది, మోకాళ్ళ కోసం. హెల్వికి వెళ్ళి చెయ్యి పట్టుకుని దింపాలనిపించింది. కాళ్ళు కదిలాయి కూడా. మళ్ళీ ఆగిపోయి, కప్పులు కడిగింది.

వాళ్ళు ఆ తర్వాత ఒకే ఊళ్ళో పందొమ్మిదేళ్ళు ఉన్నారు, కిలోమీటరు దూరంలో. దుకాణంలో ఎదురైతే తలలూపుకునేవారు. తౌనో 1994లో పోయాడు. హెల్వి అంత్యక్రియలకి వెళ్ళింది, పువ్వులు పెట్టింది, తర్వాత అందరితోపాటు కాఫీబల్ల దగ్గర కూర్చుంది. ఇక దాచాల్సిన మనిషి లేడు. మున్సిపల్ అధ్యక్షుడు, అర్మాస్, పాస్టరు, దాదాపు ఆ రోజు ముందుగదిలో ఉన్నవాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఇర్యా లేచి, వచ్చినవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పింది, మొగుడు ఎంత నిజాయితీపరుడో చెప్పింది, కూర్చుంది. హెల్వి తన పళ్ళెంలో రొట్టె పూర్తిచేసి, నలుగురితో పాటే లేచింది.

అప్పటికి ఆమె చేసిన బాయిలర్లు ముప్ఫై ఒకటి. ఇర్యా ఇంటిది తప్ప వాటిలో ఒక్కటీ పగల్లేదు. ఆప్రామి తాత పోయాక ఆ ఇల్లు కొనుక్కున్న కొత్త దంపతులు, పాత బాయిలరు మార్చమని పిలిచినప్పుడు, ఇర్యా ఇంట్లో పగిలిన దాని సంగతి తెలియక, మీరు చేసినవి ఎప్పుడైనా పగిలాయా అని అడిగారు. హెల్వి అప్పుడు నేల మీద కూర్చుని ఇటుకల గొంతు శుభ్రం చేస్తోంది.

"నేను వాల్వు పెట్టలేదు. అది నా తప్పు. దిద్దుకున్నా," అంది. "ఇంకో తప్పు ఉంది. అది నాది కాదు. అది ఒప్పుకుంటారని చాలా ఏళ్ళు ఎదురుచూశా, ఇప్పుడు చూడ్డం లేదు."

ఆమె ఇంకా ఏమన్నా చెబుతుందేమోనని వాళ్ళు ఆగారు. హెల్వి దీపం ఇలా పట్టుకోమని ఆ అమ్మాయి చేతికిచ్చి, గొంతులోకి చెయ్యి పెట్టి బూడిద లాగడం మొదలుపెట్టింది.